లెక్కలోంచి తీసేసిన కాలు

ఆరేళ్లుగా చంద్రమ్మ ఆ భవనం రెండో గేటు దగ్గర నిలబడే ఉంది. రాయదుర్గం మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఇరవై రెండంతస్తుల అద్దాల మేడ అది. లోపలికి పోయే ఆడవాళ్ల సంచులు తెరిపించి చూడడం, చేతిలోని యంత్రాన్ని వాళ్ల భుజాల నుంచి మడమల దాకా ఒకసారి తిప్పడం, "పో బిడ్డా" అనడం ఆమె పని. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదికి ఇంకొకామె వచ్చేదాకా అదే. మధ్యలో అన్నానికి అరగంట. మిగిలిన పదకొండున్నర గంటలూ రెండు కాళ్ల మీదే.

ఆమెకు నలభై మూడేళ్లు. సొంతూరు జనగామ పక్కన. భర్త యాదయ్య ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. గచ్చిబౌలి అంజయ్యనగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటారు. ఈ చుట్టుపక్కల మేడలు లేచేటప్పుడు చంద్రమ్మ ఇసుక తట్టలు మోసింది. నాలుగంతస్తులు ఎక్కి దిగినా అప్పుడు తొడలు ఇంత నొయ్యలేదు. ఎందుకు నొయ్యలేదో ఆమెకు బాగా తెలుసు. తట్ట దింపగానే కాసేపు గొంతుక్కూర్చునేది. మేస్త్రీ తిట్టినా కూర్చునేది. ఇప్పుడు తట్ట లేదు, మేస్త్రీ లేడు, ఒంటి మీద ఇస్త్రీ చేసిన నీలం చొక్కా ఉంది. కూర్చోవడమే లేదు.

రెండేళ్ల కిందట మొదలైంది నొప్పి. తొడ వెనక, పిరుదు కింది నుంచి మోకాలి దాకా, ఎవరో తాడు కట్టి గుంజినట్టు. మొదట సాయంత్రాలు మాత్రమే ఉండేది. తర్వాత ఇంటికి పోయి నేల మీద కూర్చుని అన్నం తినడం కష్టమైంది. యాదయ్య పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టేవాడు. బస్తీ దవాఖానలో మాత్రలిచ్చారు. "ఎక్కువసేపు నిలబడకమ్మా" అని కూడా చెప్పారు. ఆ మాట విని చంద్రమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గేట్ల మీది గార్డులందరికీ సూపర్‌వైజరు సంతోష్. ముప్పై ఏళ్లుంటాయి. చంద్రమ్మ అతన్ని మూడుసార్లు అడిగింది.

"సంతోష్ సారూ, ఒక్క స్టూలు ఏస్తే ఏమైతది? మంది లేనప్పుడు జర కూసుంట. వస్తే లేస్త."

"గార్డు కూసుంటే చూసేటోళ్లకు ఏమనిపిస్తది అక్కా? బిల్డింగే నిద్రపోతున్నట్టుంటది. రూల్ గంతే."

"రూలు రాసినాయన ఎన్ని గంటలు నిలవడ్డడు?"

"గదంతా నాకెందుకు? గీ నొప్పులు అందరికీ ఉంటయి. నాటకాలు జెయ్యకు."

నాటకాలు అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నొప్పి ఉందని చెప్పడం వేరు, లేని నొప్పి ఉన్నట్టు చెబుతోందని అనిపించుకోవడం వేరు. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది. తొడ లోపల గుంజేది ఎవరికి చూపాలి?

నాలుగో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగుల కోసం ఒక ఫిజియోథెరపీ గది పెట్టింది. అక్కడ పనిచేసే మెర్సీ తాడేపల్లిగూడెం పిల్ల. రోజూ రెండో గేటు నుంచే వస్తుంది. ఒకరోజు సంచి చూపిస్తూ చంద్రమ్మ కాలు మార్చి కాలు మీద బరువు వెయ్యడం గమనించింది.

"చంద్రమ్మగారూ, కాలేమైనా నొప్పాండీ?"

ఆ మేడలో ఆమెను 'గారూ' అన్న మనిషి మెర్సీ ఒక్కతే. చంద్రమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. మెర్సీ వెంటనే వెళ్లిపోలేదు.

"మా దగ్గర ఒక పరిశోధన జరుగుతోందండి. కాలు సాగదీసేటప్పుడు తొడ కండ ఎంత బిగుసుకుంటుందో కొలుస్తున్నాం. నలభై దాటిన ఆడవాళ్లు తక్కువగా ఉన్నారు. మీకిష్టమైతే రండి."

"కొలుస్తరా? దేంతోని?"

"అల్ట్రాసౌండ్‌తోనండి."

చంద్రమ్మ కంగారుపడింది. "అయ్యో, నాకు కడుపు లేదు గద బిడ్డా!"

మెర్సీ నవ్వు ఆపుకుని, కడుపులో బిడ్డను చూసే యంత్రం లాంటిదే కండను కూడా చూస్తుందని చెప్పింది. మర్నాడు అన్నం అరగంటలో చంద్రమ్మ నాలుగో అంతస్తుకు వెళ్లింది. మెర్సీ ఒక కాగితం చదివి వినిపించింది. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చని, పేరు ఎక్కడా రాయరని, నంబరు మాత్రమే ఉంటుందని. చంద్రమ్మ తెలుగులో సంతకం పెట్టింది. ఆమె నంబరు ఎనభై ఏడు.

గదిలో మగవాళ్లెవరూ లేరని చూసుకున్నాకే, మెర్సీ ఇచ్చిన పొట్టి లాగు వేసుకుంది. వెనక్కి వాలిన ఒక కుర్చీలో కూర్చోబెట్టి, మడమను ఇనుప చెయ్యి లాంటి దానికి పట్టీతో కట్టింది మెర్సీ. కుర్చీలో తొడ కింద ఖాళీ వదిలారు. అక్కడ చల్లని జిగురు పూసి, అరచేతిలో పట్టే యంత్రాన్ని తొడ వెనక ఆనించింది.

"ఈ ఇనుప చెయ్యి మీ మోకాలిని మెల్లగా చాపుతుందండి. మీరు ఏమీ చెయ్యకూడదు. నవారు మంచం ఉంది కదా? వదులుగా ఉన్నప్పుడు మీటితే ఒకలా ఉంటుంది, బిగించాక మీటితే అదురు సర్రున పరుగెడుతుంది. ఈ యంత్రం కండ లోపల చిన్న అదురు పుట్టించి, అదెంత వేగంగా పోతుందో చూస్తుంది. ఎంత వేగంగా పోతే అంత బిగువన్నమాట."

తెర మీద కండ బూడిద రంగు చారలుగా కనిపించింది. దాని మీద చిన్న పెట్టెలో నీలం రంగు. మోకాలు కొద్దికొద్దిగా చాపుకుంటూంటే నీలం ఆకుపచ్చైంది, పచ్చ పసుపైంది.

"కాలు వదిలెయ్యండి చంద్రమ్మగారూ."

"వదిలేసిన బిడ్డా."

"లేదండీ, పట్టుకునే ఉన్నారు. చూడండి, గీత వణుకుతోంది."

చంద్రమ్మ ఎంత వదిలినా కాలు వదలలేదు. కూర్చుని ఉన్నా ఆమె తొడలు నిలబడే ఉన్నాయి. మూడోసారికి గాని ఒళ్లు మాట వినలేదు.

మెర్సీ ఆ ఒక్కసారితో ఆపలేదు. డ్యూటీ ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి, నాలుగు రోజులు కొలిచింది. డ్యూటీ దిగాక కొలిచినప్పుడు మోకాలు సగం కూడా చాపకముందే పెట్టె ఎర్రబడింది. ఎడమ తొడ మరీ ఎక్కువ. నాలుగో రోజు మెర్సీ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"పొద్దుటికీ సాయంత్రానికీ దాదాపు రెట్టింపుందండి."

"అంటే నా నొప్పి నిజమేనా?"

మెర్సీ తెర వైపు వేలు చూపించింది. "ఈ యంత్రం నొప్పిని కొలవదండి, బిగువునే కొలుస్తుంది. ఒక్క మనిషిని కొలిచి అందరి గురించీ చెప్పకూడదు కూడా. కానీ మీ బిగువు మాత్రం నిజం. మీరు కల్పించుకున్నది కాదు."

రెండేళ్లలో మొదటిసారి ఎవరో తన మాటకు పక్కన నిలబడినట్టనిపించింది చంద్రమ్మకు. కళ్లు తుడుచుకుని బూట్లు వేసుకుంది. మెర్సీ ఆమెకు ఒక కసరత్తు నేర్పింది. ఎత్తైన గట్టు మీద మడమ పెట్టి, వీపు వంచకుండా ముందుకు వాలి, ముప్పై అంకెలు లెక్కపెట్టాలి. రెండు కాళ్లకూ మూడేసిసార్లు.

గేటు పక్కన పూలమొక్కల తొట్టికి సరిగ్గా అంత ఎత్తు గట్టుంది. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి జనం లేనప్పుడు చంద్రమ్మ దాని మీద మడమ పెట్టింది. పదహారు దాకా లెక్కపెట్టింది. అంతలో సంతోష్ ఫోను టక్కుమంది. అరగంటలో ఆ ఫొటో గార్డుల వాట్సాప్ గ్రూపులో పడింది. 'డ్యూటీల ఉండి గేటు మీద కాలు పెట్టి డాన్సు' అని కింద రాశాడు. సాయంత్రం మెమో చేతికిచ్చాడు. క్రమశిక్షణ లేని ప్రవర్తన అని అందులో ఉంది.

"కసరత్తు జేసిన సారూ. నాలుగో అంతస్తుల మేడం చెప్పింది."

"నాలుగో అంతస్తు వాళ్లు ఆఫీసరమ్మలు. వాళ్లు జేస్తే కసరత్తు. మనం జేస్తే తమాషా. గింత తెలువదా?"

చంద్రమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. ఇంట్లో యాదయ్యకు చదివి వినిపించింది. బస్సు స్టీరింగు ముందు పది గంటలు కూర్చుని నడుము పట్టేసిన మనిషి ఆయన. "నన్ను లేవనియ్యరు, నిన్ను కూసోనియ్యరు" అన్నాడు.

నెల తిరిగింది. ఒక శుక్రవారం కింది హాల్లో ఆ కంపెనీ వేడుక పెట్టింది. బెలూన్లు కట్టారు, పండ్లరసాలు పెట్టారు. ఉద్యోగుల ఆరోగ్యం చూసే అధికారి ఆదర్శ్ మైకు పట్టుకున్నాడు. అతని వెనక మనిషి ఎత్తు బోర్డు మీద తొడ కండ బొమ్మ, నీలం నుంచి ఎరుపు దాకా రంగులు, కింద 'ఎనభై ఆరు మందిపై పరిశోధన' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. చంద్రమ్మ గేటు దగ్గర్నుంచే ఆ అంకె చూసింది. పొరపాటేమో అనుకుని మళ్లీ చూసింది. ఎనభై ఆరే.

ఆ పొద్దున్నే సంచి చూపిస్తూ మెర్సీ తల దించుకుని వెళ్లింది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"ఫ్రెండ్స్!" అన్నాడు ఆదర్శ్. "మనం రోజుకు తొమ్మిది గంటలు కూర్చుంటున్నాం. మన కండలు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి. మన డేటానే చెబుతోంది. అందుకే ఈ రోజు నుంచి మన ఫ్లోర్లో అందరికీ స్టాండింగ్ డెస్కులు! బటన్ నొక్కితే పైకి, నొక్కితే కిందికి. నిలబడదాం, హెల్దీగా ఉందాం!"

చప్పట్లు కొట్టారు. ఆదర్శ్‌కు ఉత్సాహం పెరిగింది. చెయ్యి గేటు వైపు చాపాడు.

"ఎగ్జాంపుల్ ఎక్కడో ఎందుకు? మన సెక్యూరిటీ ఆంటీని చూడండి. రోజంతా నిలబడే ఉంటారు. ఎంత ఫిట్‌గా ఉన్నారో! ఆంటీకి ఒక క్లాప్!"

రెండు వందల మంది తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. పొద్దున ఎనిమిది నుంచి నిలబడి ఉన్న చంద్రమ్మకు చెవుల్లో ఏదో భగ్గుమంది. ఎడమ తొడ అప్పటికే రాయిలా ఉంది. నొప్పిని నాటకమన్నారు, ఊరుకుంది. కసరత్తును డాన్సన్నారు, ఊరుకుంది. ఇప్పుడు ఆ నొప్పికే చప్పట్లు కొడుతున్నారు. చేతిలో యంత్రం పక్కన పెట్టి, ఆమె గేటు వదిలి హాల్లోకి నడిచింది. ఆరేళ్లలో డ్యూటీ మధ్య గేటు వదలడం అదే మొదటిసారి.

"సారూ, జర ఆగుండ్రి. నేను మంచిగున్ననని మీకెట్ల ఎరుక?"

ఆదర్శ్ నవ్వాడు. "ఆంటీ, సరదాగా..."

"సరదా గాదు సారూ. నన్ను నాలుగో అంతస్తుల కొలిచిండ్రు. పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకినంక ఒకపారి, నాలుగు దినాలు. సంతకం పెట్టిన. ఎనభై ఏడో మనిషిని నేను. గా బోర్డు మీద ఎనభై ఆరే ఉన్నరు. నా కాలెటు పోయింది?"

ఆదర్శ్ మైకు కొంచెం దించాడు.

"అది... మనం ఆఫ్‌లైన్లో మాట్లాడదాం ఆంటీ."

"ఆఫ్‌లైనంటే ఏందో నాకు తెల్వది సారూ. గిప్పుడే చెప్పుండ్రి. మీరు కూసుంటే కండలు బిగుస్తయని బల్లలు తెప్పించుకున్నరు. మంచిదే. నేను నిలవడితే బిగిసినయి. గది కూడా మీ మిషనే చెప్పింది. మీకేమో నిలవడేటందుకు బటను, నాకు కూసునేటందుకు స్టూలు లేదు. పైనంగ చప్పట్లా? ఎవలకు కావాలె మీ చప్పట్లు?"

గోడ పక్కన నిలబడ్డ మెర్సీ ముందుకొచ్చింది.

"ఆమె చెప్పింది నిజమండి. కొలిచింది నేనే. అందరికంటే ఎక్కువ తేడా ఆమెదే. ఆమె కంపెనీ ఉద్యోగి కాదని, గ్రాఫు పాడవుతుందని తీసెయ్యమన్నారు. తీసేశాను. ఉద్యోగి కాదన్నది ఆమెను పిలవకముందు చూసుకోవాలి. కొలిచాక, నచ్చలేదని తీసెయ్యకూడదు. తప్పు నాది కూడా."

ఆదర్శ్ మైకు ఆపేశాడు. సంతోష్ ఎక్కడి నుంచో పరుగున వచ్చి చంద్రమ్మ మోచెయ్యి పట్టుకోబోయాడు. "చెయ్యి ముట్టకు" అంది ఆమె. తనే నడిచి గేటు దగ్గరికి పోయి యంత్రం తీసుకుంది.

సోమవారం వచ్చేసరికి ఆమె పేరు రెండో గేటు డ్యూటీ జాబితాలో లేదు. భూమి కింద మూడో అంతస్తులో, బండ్లు నిలిపే చోట వేశారు. పైనుంచి మాటొచ్చింది అన్నాడు సంతోష్, ఆమె ముఖం చూడకుండా. అక్కడ కిటికీ లేదు, గాలి లేదు, ట్యూబులైట్ల వెలుతురు, పొగ వాసన. మాట్లాడితే భూమిలోకి దింపుతారా అని చంద్రమ్మ లోపల ఉడికిపోయింది. నోరు మూసుకుని ఉంటే పైన ఎండైనా కనిపించేదని ఒక్క క్షణమూ అనుకోలేదు.

మూడో రోజు పనివాళ్లు నాలుగో అంతస్తు నుంచి పాత సామాను దింపారు. కొత్త బల్లలొచ్చాయి గదా, పాతవి తీసేశారు. బల్లలతో పాటు కుర్చీలు కూడా కొత్తవే కొన్నారట. మెత్తటి వీపు, చేతులు, కింద చక్రాలున్న కుర్చీలు రెండు వందల నలభై, గోడ వెంట వరసగా పేర్చి, మీద ప్లాస్టిక్ కప్పి, చంద్రమ్మకు అప్పగించారు. తుక్కు కొనేవాళ్లు వచ్చేదాకా ఒక్కటీ పోకుండా చూడాలని చెప్పారు.

ఆమె ఆ వరసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. రెండేళ్లలో ఒక్క స్టూలు కోసం మూడుసార్లు సంతోష్ ముందు చేతులు కట్టుకున్న మనిషికి రెండు వందల నలభై కుర్చీల కాపలా. కూర్చోవడానికి కాదు, నిలబడి చూసుకోవడానికి! ఇంతకంటే మనిషిని ఎగతాళి చెయ్యడం ఎవరికి చేతనవుతుంది?

చంద్రమ్మ దగ్గరున్న కుర్చీ ప్లాస్టిక్ చింపింది. బయటికి లాగి, లిఫ్టుకు ఎదురుగా, అందరికీ కనిపించే చోట వేసుకుని కూర్చుంది.

గంట కాకముందే సంతోష్ దిగాడు. "ఏందక్కా గిది? లే."

"లేవ."

"ఫొటో తీసి పంపాల్నా?"

"తియ్యి. మొకం మంచిగ పడాలె. ఎనక కుర్చీలు కూడా పడాలె. ఎన్నున్నయో రాయి. నిలవడి కాపలా కాయమన్నరని రాయి."

సంతోష్ ఫోను ఎత్తాడు. తెరలో ఆమె, ఆమె వెనక ప్లాస్టిక్ కింద మెరుస్తున్న ఆ వరస. చెయ్యి దించేశాడు. ఆ ఫొటో ఎవరికి పంపినా నవ్వులపాలయ్యేది ఎవరో అతనికి తోచింది.

"నాకూ పైనుంచి ఫోన్లొస్తయి అక్కా" అన్నాడు మెల్లగా.

"ఎరుకే. నీ కాళ్లు కూడా ఎవలూ కొలువలే."

ఆ రోజు ఆమె లేవలేదు. బండి వస్తే లేచింది, పంపింది, మళ్లీ కూర్చుంది.

సంగతి పైకి పాకింది. రోజూ రెండో గేటు దగ్గర సంచి చూపించే రసజ్ఞ అనే ఉద్యోగిని, కంపెనీవాళ్లంతా చూసే గ్రూపులో 'ఎనభై ఏడో మనిషి ఏరి?' అని ఒకే ఒక్క వాక్యం రాసింది. దాని కింద రెండు రోజుల్లో నూట యాభై మంది అదే ప్రశ్న రాశారు. భవనంలో ఉన్న పదకొండు మంది ఆడ గార్డులూ కలిసి మేనేజరు గదికి పోయారు. తలా ఒక మాట కాదు, ఒకటే మాట. కూర్చునే చోటు కావాలి, చంద్రమ్మ గేటు చంద్రమ్మకు కావాలి. మెర్సీ ఆ పరిశోధన కాగితాల మీంచి తన పేరు తీసెయ్యమని రాసిచ్చి, నెలాఖరుకు గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో చేరింది. వెళ్లేముందు చంద్రమ్మ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి చేతికిచ్చింది. "ఇవి మీవండి. మీ దగ్గరే ఉండాలి" అంది.

మూడు వారాలకు నాలుగు గేట్లకూ నాలుగు ఎత్తు స్టూళ్లొచ్చాయి. గంటకు పది నిమిషాలు కూర్చోవచ్చని నోటీసు అంటించారు. చంద్రమ్మను మళ్లీ రెండో గేటుకు వేశారు. మొదటి రోజే ఆదర్శ్ ఒక కెమెరా మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆంటీ, కొత్త స్టూలు మీద కూర్చుని ఒక స్మైల్ ఇవ్వండి. మన కేర్ ప్రోగ్రాం పేజీలో వేస్తాం."

చంద్రమ్మ ఎనిమిది నుంచి నిలబడే ఉంది. కూర్చోవాలని తొడలు మొత్తుకుంటున్నాయి.

"ఫొటోకైతే కూసోను సారూ."

"అదేంటాంటీ? మీరడిగిందే కదా ఇచ్చాం?"

"ఇచ్చిన్రా? మీరు ఇచ్చుడేంది? మనిషి కూసునేటందుకు ఇంకో మనిషి ఇయ్యాల్నా? రెండేండ్లు నాటకమన్నరు, మెమో ఇచ్చిన్రు, లెక్కల నుంచి తీసేసిన్రు, భూమిల దింపిన్రు. గిప్పుడు నవ్వుమంటున్రు. నవ్వు రాదు. మీ బోర్డు మీద ఎనభై ఏడు రాసుకొని రాండ్రి, గప్పుడు చూద్దాం."

కెమెరా మనిషి ఆదర్శ్ వైపు చూశాడు. ఇద్దరూ లిఫ్టు వైపు వెళ్లిపోయారు. వాళ్లు లోపలికి పోయి తలుపులు మూసుకునేదాకా చంద్రమ్మ నిలబడే ఉంది. తర్వాత స్టూలును గోడ దగ్గరికి జరుపుకుని, ఎడమ కాలు చాపి, కూర్చుంది.